చాప మీద నా చోటు

సెప్టెంబరు 21, ఆదివారం

ప్రియమైన బావకి,

ఎవరు రాశారో పైన చెప్పాలంటారు గానీ, ఈ కోడిగీతలు చూడగానే నీకు తెలిసే ఉంటుంది. దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ, పిల్ల ఆరాధనా, గేదే ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వు కూడా బాగానే ఉన్నావని నాకు నమ్మకం. ఒంట్లో బాగాలేని మనిషి అంత కోపంగా నాలుగు పేజీలు రాయలేడు. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో నువ్వు నాకు రాసిన పెద్ద ఉత్తరం అదే. అందులో మూడు పేజీలు తిట్లే అయినా బైబిల్లో పెట్టి దాచుకున్నాను.

దానయ్య ఎల్లుండి మళ్ళీ లారీ వేసుకుని మీ ఛత్తీస్‌గఢ్ వస్తున్నాడు. ఈ ఉత్తరం, రెండు లుంగీలు, గోంగూర పచ్చడి సీసా అతని చేతికిస్తున్నాను. ముందు ఉత్తరం చదువు, తర్వాతే సీసా మూత తియ్యి. కోపం మీద పచ్చడి తింటే నీకు కడుపులో మంట.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. గేదె ఈనలేదు, ఇంకో పది రోజులు పట్టేట్టుంది. ఆరాధన చిలకలూరిపేట కాలేజీకి రోజూ వెళ్తోంది. బస్సులో నిలబడే వెళ్తోందట, కాళ్ళు పీకుతున్నాయని నా దగ్గర గునుస్తోంది, నీకు ఫోన్లో చెప్పదు. ఇంటి వెనక రేకు వానకి కారుతోంది. ఫిలిప్ వచ్చి తారు పూసి వెళ్ళాడు. మొక్కజొన్న ఎలా ఉందని అడిగావు. కండె బాగా పట్టింది. మిగతా సంగతి చివర్లో రాస్తాను. పేజీలు తిప్పి ముందే చూడొద్దు, నా మీద ఒట్టు.

ఇక నీ తిట్లకి వస్తాను.

నాగేంద్రబాబు గారు మిరప నారుమడి దగ్గర పదిమంది ముందు నిన్ను పట్టుకుని, "ఒరేయ్ సాల్మన్, మీ ఆవిడ ఊళ్ళో జడ్జీ అయిందంటగా, కాస్త కట్టేసుకోరా" అన్నాడని రాశావు. తల తీసేసినట్టయిందని రాశావు. అయ్యుంటుంది. అక్కడ నలభై ఎకరాలు కౌలుకి తీసుకుని నిన్ను మేస్త్రీగా పెట్టుకున్న మనిషి ఆయన, ఎదురు చెప్పడం కష్టమే. కానీ బావా, కట్టేసుకోవడానికి నేనేమన్నా గేదెనా? ఆ మాట నీకు కోపం తెప్పించాల్సింది ఆయన మీద. నువ్వేమో ఆ కోపమంతా మూటగట్టి లారీలో నాకు పంపావు.

"నీకీ పని ఎవరు నేర్పారు, నీకేం తెలుసని?" అని కూడా అడిగావు. చెప్తాను విను.

ప్రత్తిపాడులో ఆడవాళ్ళకి మధ్యవర్తుల శిక్షణ అని ఐదు రోజులు పెట్టారు కదా, నువ్వే నన్ను బండి మీద దింపావు. అక్కడ చక్కగా చెప్పారు, రాసుకున్నాను, భోజనం కూడా పెట్టారు. అదంతా వినడానికి బాగుంది గానీ, నిజంగా తగువులో కూర్చుంటే ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు. పోయిన మిరప కోతల్లో మన ముఠాలో ఇద్దరు ఆడవాళ్ళు సాలు దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. నేను పెద్ద మొనగత్తెలాగా మధ్యలోకి దూరి, "నీదే తప్పు, నువ్వు పక్క సాలులోకి వెళ్ళు" అని తీర్పు చెప్పేశాను. కోతలయ్యేదాకా ఇద్దరూ నాతో మాట్లాడలేదు. వాళ్ళిద్దరూ మాత్రం మూడోనాటికి ఒకే గిన్నెలో అన్నం తిన్నారు. తీర్పు చెప్పడం నా పని కాదని ఆరోజు తెలిసింది.

ఆ తర్వాత ఫిలిప్‌కీ వాళ్ళావిడకీ గొడవ. కూర్చునేముందు నేను వాళ్ళ అత్తగారింట్లో టీ తాగాను. ఫిలిప్ చూశాడు. "టీ తాగి వచ్చావుగా అక్కా, ఇంకేం న్యాయం చెప్తావులే" అని లేచి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి తగువు తేలేదాకా ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టను. కూర్చోబెట్టేది స్కూలు వరండాలో, చాప మీద. మధ్యలో నా చోటు, అటొకరు ఇటొకరు.

అన్నిటికన్నా కష్టం నోరు మూసుకోవడం. నా నోటి సంగతి నీకు తెలుసు. నాతోపాటు శిక్షణకి వచ్చిన కరీమున్ అని ఉంది, పక్క ఊళ్ళో మిషను కుడుతుంది. ఆమె చెప్పింది: "నోట్లో యాలక్కాయ పెట్టుకో ఎలీసమ్మా, కొరక్కు. ఎదుటి మనిషి చెప్పడం అయ్యాకే కొరుకు." ఇప్పటికి ఎనిమిది తగువులు కూర్చున్నాను. మొదటి మూడింటిలో రెండో నిమిషానికే కొరికేశాను. ఇప్పుడు గంటసేపు బుగ్గన ఉంచుకుంటున్నాను. ఒకరు చెప్పింది రెండోవాళ్ళ చేత తిరిగి చెప్పించడం, అవసరమైతే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటం, విడిగా చెప్పింది వాళ్ళు ఒప్పుకుంటే తప్ప బయటపెట్టకపోవడం, ఇవన్నీ దెబ్బలు తిని నేర్చుకున్నాను. ఎనిమిదిలో ఐదు తేలాయి. మూడు తేలలేదు, ఎందుకు తేలలేదో నాకు తెలుసు. నాగేంద్రబాబు గారిని అడుగు, ఆయన తాతల కాలం నుంచీ ఊరి పెద్దలుగా తీర్చినవాటిలో తేలనివి ఎన్నో ఆయనకి తెలుసునేమో.

ఇక అసలు సంగతి. బుల్లయ్యా, కోటేషూ కొట్టుకుంటున్నారని దానయ్య నీకు చెప్పే ఉంటాడు. వరసకి అన్నదమ్ములు, పెదనాన్న చిన్నాన్న బిడ్డలు. గట్టు ఒకటే. బుల్లయ్య పత్తి వేశాడు, కోటేష్ మొక్కజొన్న వేశాడు. ఆగస్టు నెలాఖరుకి బుల్లయ్య పత్తి ఆకులు ముడుచుకుపోయి, సన్నగా చీలి, బెండాకుల్లాగా అయిపోయాయి. పత్తికి కలుపు మందు తగిలితే అంతేనని మనకి తెలియంది కాదు. "వాడే! గాలి నావైపు ఉన్నప్పుడు చూసి మరీ కొట్టాడు" అని బుల్లయ్య కోటేష్ చేలోకి వెళ్ళే దారికి అడ్డంగా కంప వేశాడు. కోటేష్ గొడ్డలి తీసుకుని కంప నరకడానికి వెళ్ళాడు. జనం పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నరికేది కంప ఒక్కటే అయ్యుండేది కాదు.

నాగేంద్రబాబు గారు అక్కడినుంచే ఫోన్లో తీర్పు చెప్పాడు. కోటేష్ రామాలయం ముందు అందరూ చూస్తుండగా బుల్లయ్య కాళ్ళు పట్టుకోవాలట. కోటేష్ ఒప్పుకోలేదు. "చెయ్యని తప్పుకి తల వంచితే రేపు నా బిడ్డల ముఖం ఎట్టా చూసేది?" అన్నాడు. బుల్లయ్యేమో సోమవారం స్టేషన్లో కాగితం ఇస్తానన్నాడు. అప్పుడు కోటేష్ నా దగ్గరికి వచ్చాడు. నేను బుల్లయ్య ఇంటికెళ్ళి, గుమ్మం బయట నిలబడి అడిగాను. "ఎవరు కూర్చుంటే నాకేంటి? వాడే కొట్టాడని దేవుడొచ్చినా చెప్తా. పద" అన్నాడు.

మొదటి రోజు ఇద్దరినీ చెప్పనిచ్చాను. బుల్లయ్య గంట మాట్లాడాడు. మాట్లాడి మాట్లాడి చివర్లో, "పూత మీదున్న చేను ఎలీసమ్మా, పొద్దున్నే వెళ్ళి చూస్తే అది నా చేనేనా అనిపించింది" అని తలపాగా గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. కోటేష్ అన్నది ఒక్కటే: "ఒరేయ్ బుల్లయ్యా, మందు కొట్టేవాణ్ణయితే నీకు చెప్పి కొట్టేవాణ్ణిరా." మర్నాడు పొద్దున్న నేను చేను చూడటానికి వెళ్ళాను. ఇద్దరినీ వెంట రావొద్దన్నాను.

గాలికి వచ్చిన మందయితే కోటేష్ గట్టు వైపు సాళ్ళు ఎక్కువ చెడాలి, పోనుపోను తగ్గాలి. ఇక్కడ తిరగబడి ఉంది. గట్టుకి దూరంగా, బోరు పక్కనున్న సాళ్ళు ఘోరంగా ఉన్నాయి. అక్కడినుంచి కోటేష్ వైపు వచ్చేకొద్దీ బాగున్నాయి. బోరు దగ్గరే నీళ్ళు పట్టుకుని అటునుంచి కొట్టడం మొదలుపెడతారు. మొదటి ట్యాంకు పడ్డ సాళ్ళు చచ్చాయి, రెండోది పడ్డవి కాస్త నయం, నాలుగో ట్యాంకుకి ఆకు మామూలుగా ఉంది. అంటే కలుపు మందు గాల్లోంచి రాలేదు. పచ్చదోమకి మందు కొట్టిన స్ప్రే పంపులోంచే వచ్చింది. ఎవరో కలుపు మందు కొట్టి కడగకుండా ఇచ్చిన పంపు.

ఆ పంపు ఎవరిదో నాకు తెలుసు బావా. ఆ పంపు మనది.

ఈ వాక్యం రాయడానికి మూడు రోజులుగా కాగితం ముందు కూర్చుంటున్నాను. ఆగస్టు రెండో వారంలో మన మొక్కజొన్నకి కలుపు మందు కొట్టాను. కలుపు మందు కొట్టిన పంపుని సోడా నీళ్ళతో మూడుసార్లు కడిగి బోర్లించాలని నువ్వు నాకు వందసార్లు చెప్పావు. ఆరోజు కడగబోయేలోపే కరీమున్ ఫోన్ చేసింది, వాళ్ళ ఊళ్ళో మొగుడూ పెళ్ళాల తగువు, వెంటనే రమ్మంది. వచ్చాక కడుగుదాంలే అని పంపు గేదె కొట్టం గోడకి ఆనించి పరుగెత్తాను. సాయంత్రం వచ్చేసరికి బుల్లయ్య భార్య వెంకటరావమ్మ గారు దొడ్డిదారిన వచ్చి నిలబడి ఉంది. వాళ్ళ పంపుకి బ్యాటరీ పోయిందట, పత్తికి దోమ ఎక్కువైందట. నా చేత్తో నేనే తీసి ఇచ్చాను. మర్చిపోయాను బావా. పూర్తిగా మర్చిపోయాను. ఆ తల్లి రెండో రోజు పంపుని శుభ్రంగా కడిగి మరీ తెచ్చి ఇచ్చింది.

ఈ పని మీద పడి ఇల్లు పట్టించుకోవడం లేదని రాశావు చూడు, ఆ ఒక్క చోట నీ మాట నిజం. ఒప్పుకుంటున్నాను. మిగతా మూడు పేజీలూ మాత్రం ఒప్పుకోను.

చేలోంచి నేరుగా వెంకటరావమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. ఆమెకి నా ముఖం చూడగానే అర్థమైంది. బుల్లయ్యకి ఆమె పంపు తన తమ్ముడింటి నుంచి తెచ్చానని చెప్పిందట. మన పల్లెలోంచి వచ్చిన వస్తువు మైలని ఆయన ముట్టడు కదా. "చెప్పొద్దే ఎలీసమ్మా, నీకు దణ్ణం పెడతా, ఆయన నన్ను బతకనియ్యడు" అని ఏడ్చింది. విడిగా చెప్పిన మాట, నేను బయటపెట్టకూడదు. కానీ నా తప్పు నేను చెప్పకపోతే కోటేష్ నెత్తిన ఆ మచ్చ ఉండిపోతుంది.

ఇంకో దారి కూడా ఉంది, నీకు దాచను. షాపు వాడిచ్చింది నకిలీ మందు అని ఒక్క మాట అంటే చాలు. అందరూ నమ్ముతారు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఆ షాపు మీదకి వెళ్తారు, కంప పోతుంది, ఎలీసమ్మ భలే తీర్చింది అంటారు. రెండు రోజులు ఆ మాట నా నాలుక మీదే తిరిగింది. చివరికి నా మీద నాకే ఒళ్ళు మండింది. అలా తీర్చేదాన్నయితే నాగేంద్రబాబు గారికీ నాకూ తేడా ఏముంది?

వెంకటరావమ్మ గారికి చెప్పాను: "నా తప్పు నేను చెప్తానండి. మీ మాట నా నోటినుంచి రాదు. పంపు మీ ఇంటికెలా వచ్చిందని అడిగితే నేను నోరు విప్పను. మీరు చెప్తారో మానతారో మీ ఇష్టం." ఆమె తలుపేసుకుంది.

పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక మళ్ళీ వరండాలో కూర్చున్నాం. కరీమున్‌ని పిలిపించాను. చాప మధ్యలోంచి లేచి, "ఇక్కడ నేను కూర్చోకూడదు, ఇందులో నేనూ ఒక పార్టీనే" అని పక్కకి జరిగి కూర్చున్నాను. నా చోట్లో కరీమున్ కూర్చుంది. ఎనిమిది తగువుల్లో నేను నేర్చుకోనిది ఆ పక్కన కూర్చుంటే తెలిసింది. మధ్యలో ఉన్నవాళ్ళకి అది ఒక మధ్యాహ్నం. పక్కన కూర్చున్నవాళ్ళకి అది వాళ్ళ బతుకంతా.

చెప్పేశాను. పంపు మాదే, కలుపు మందు కొట్టి కడగలేదు, కోటేష్ గారు ఏ తప్పూ చేయలేదు అన్నాను. బుల్లయ్య మెల్లిగా, "నీ పంపు నా చేలోకి ఎట్టా వచ్చింది?" అన్నాడు. నేను నోరు విప్పలేదు. కరీమున్ కూడా నన్ను చూస్తోంది.

అప్పుడు మెట్ల దగ్గర నిలబడ్డ వెంకటరావమ్మ గారు ముందుకొచ్చింది. "నేనే తెచ్చా. తమ్ముడిదని మీకు అబద్ధం చెప్పా. దోమ తినేస్తుంటే చూస్తూ కూర్చోమన్నారా?"

బుల్లయ్య లేచి నిలబడ్డాడు. ముఖం కందగడ్డలా అయింది. "పంట సంగతి తర్వాత! పల్లె పంపు మా ఇంటికి పంపినందుకు ముందు క్షమాపణ చెప్పు!" అని నా మీదకి వేలు చూపించాడు. కోటేష్ తల దించుకున్నాడు. ఎలీసమ్మ చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని అందరి ముఖాల్లోనూ ఉంది.

నేను లేచి చేతులు కట్టుకుని అన్నాను: "పంపు కడగనందుకు తప్పయిపోయింది బుల్లయ్య గారూ, క్షమించండి. మీ చేను చూసి ఏడ్చాను. నష్టం నేను భరిస్తాను. కానీ పంపు మా ఇంటిదైనందుకు మాత్రం క్షమాపణ చెప్పను. ఈ జన్మలో చెప్పను."

కరీమున్ ఎంత గట్టిదో చూడు. తొణకలేదు. "బుల్లయ్య గారూ, కూర్చోండి. ఆమె ఏమందో మీ నోటితో ఒకసారి చెప్పండి, తర్వాత మీ మాట మీరు చెబుదురు" అంది. అందరూ చేసే పనే, కోటేష్ కూడా చేశాడు. బుల్లయ్య కూర్చున్నాడు. "పంపు కడగనందుకు తప్పయిందంది. నష్టం భరిస్తానంది. పంపు వాళ్ళదైనందుకు..." అని ఆగిపోయాడు. ఆ మిగతా మాట నోటికి రాలేదు. భార్య వైపు చూశాడు.

వెంకటరావమ్మ గారు అంది: "వాళ్ళు కోసిన మిరపకాయ మన కూరలో వేసుకోవట్లా? దానికి లేని మైల పంపుకి వచ్చిందా? చెప్పండి, మిగతాది కూడా చెప్పండి."

చాలాసేపటికి చెప్పాడు బావా. గొణిగినట్టుగా, నేలకేసి చూస్తూ చెప్పాడు. నాతో మంచిగా మాట్లాడాడని అనను, అలాంటిదేం లేదు. కోటేష్‌ని మాత్రం, "రేపు ట్రాక్టర్ తోలుకోరా, కంప తీసేస్తా" అన్నాడు. కోటేష్, "నువ్వు తియ్యకు, ముళ్ళు గుచ్చుకుంటాయి, నేనే తీసుకుంటా" అన్నాడు. అన్నదమ్ములు అంతకన్నా ఏం చెప్పుకుంటారు? పత్తి కూడా మొత్తం పోలేదు, కొత్త చిగుళ్ళు మామూలుగానే వస్తున్నాయి.

ఇప్పుడు మొక్కజొన్న సంగతి. మన ఎకరం పంటంతా ఈసారి బుల్లయ్య కళ్ళంలోకి వెళ్తుంది. కోతా మోతా కూడా నాదే. కాగితం రాసుకున్నాం. వెళ్ళేముందు నువ్వు రెండు రోజులు వంగి దున్ని, విత్తనం పెట్టి వెళ్ళిన చేను అది. నిన్ను అడగాలి. గుట్ట ఎక్కితే గానీ నీకు సిగ్నల్ దొరకదు, అక్కడ అందరూ కూర్చుని ఉన్నారు, అడగలేదు. అది నీకు చేసిన తప్పు. దానికి నీ ఇష్టమొచ్చినంత తిట్టు, పడతాను.

నాగేంద్రబాబు గారు మొన్న ఊరొచ్చినప్పుడు కారు ఆపి అడిగాడు. "తప్పు చేసినదానివి, ఇంక ఏ ముఖం పెట్టుకుని తగువుల్లో కూర్చుంటావు?" అని. "తప్పు ఒప్పుకున్న ముఖం పెట్టుకునేనండి" అన్నాను. అద్దం ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ కోపం నీ మీద చూపిస్తే చూపించనీ. పని మానెయ్యమంటే మానేసి వచ్చెయ్యి. నీ చేతిలో పని ఉంది, నా చేతిలోనూ ఉంది, మనం ఆయన నీడన పుట్టలేదు. వచ్చే ఆదివారం పొన్నూరు దగ్గర కోటేష్ బావమరిది వాళ్ళకి కాలవ నీళ్ళ తగువు. కోటేషే వచ్చి పిలిచాడు. జరిగిందంతా అవతలివాళ్ళకీ చెప్పి, వాళ్ళూ సరేనంటేనే వస్తానన్నాను. సరేనన్నారు. వెళ్తున్నాను. నువ్వు ఒప్పుకుంటే సంతోషంగా వెళ్తాను, ఒప్పుకోకపోతే కోపంగా వెళ్తాను.

ఒక్క మాట మిగిలింది. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు, సాల్మన్ భార్య అని రాయమన్నారు. నేను రాయలేదు. ఎలీసమ్మ అని మాత్రమే రాశాను. ఎవరన్నా నీకు చెప్తారేమో, మొగుడి పేరు కూడా రాయలేదట అని. నీ మీద కోపంతో కాదు బావా. కడగనిది నేను. ఆ తప్పు కింద నీ పేరెందుకు ఉండాలి? అక్కడ రాయనిది ఇక్కడ రాస్తున్నాను.

ఇట్లు,
సాల్మన్ భార్య,
ఎలీసమ్మ